నాలుగో ఇడ్లీ

జగిత్యాలలో ఒక స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లి, బొక్కలు లేని ఇడ్లీ పళ్లెం కావాలని అడిగాను. గల్లా దగ్గర కూర్చున్న సాబ్ కళ్లజోడు ముక్కు మీదికి దించి నన్ను ఎగాదిగా చూశాడు.

"బొక్కలు లేకుంటె ఇడ్లీ ఎట్ల ఉడుకుతది మేడం?"

"ఇడ్లీల కోసం కాదు సాబ్. ఆవుల కోసం."

మామూలుగా ఈ మాట వింటే జనం నవ్వుతారు. సాబ్ నవ్వలేదు. తుడుస్తున్న చెంబు పక్కన పెట్టాడు.

"మీకంటె ముందు గిట్ల అడిగినోడు ఒక్కడే మేడం. మేమిద్దరం సౌదీల ఒక్క రూంల ఉన్నం. ఆయనది కోరుట్ల దిక్కు ఊరు. ఇడ్లీ పళ్లెంల ఆవు పాలు పోసి సూస్త అంటె నేనే నమ్మకపోతి. ఆయన చెప్పే సాంచెల మేడం మీరేనా?"

నేనే అన్నాను. ఆ కాక ఎట్లున్నాడని అడిగాను.

"మీకు తెల్వదా? పోయి నెలైతుంది. పొద్దుగాల కొట్టం కడిగి అచ్చి, గద్దె మీద కూసోని చాయ్ తెమ్మన్నడట. చాయ్ అచ్చేటాళ్లకు మనిషి లేడు."

దుకాణంలో గిన్నెల మధ్య నిలబడి ఏడ్చాను. పక్కన ఎవరో కుక్కరు మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించి చూసుకుంటున్నారు. కొట్టం కడిగాకే పోయాడు, ఆ ఒక్కటీ ఆయన తీరుకు తగ్గట్టే ఉంది. చాయ్ చల్లారబెట్టడం మాత్రం ఆయన పద్ధతి కాదు. దాని మీద నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

దుకాణంలో ఉన్న పళ్లేలన్నీ బొక్కలవే. వాటిలోనే ఒకటి తీసుకున్నాను. ఇప్పుడు నా ఉద్యోగం చందుర్తిలో. మర్నాడు అక్కడ ఆవులున్న ఆడవాళ్లకు పాల పరీక్ష నేర్పించాలి. బొక్కలకు మైనం నేనే పెట్టుకోవచ్చు. బయటికొచ్చి స్కూటీ తీశాను. చందుర్తికి పోవలసిన బండి కోరుట్ల దారి పట్టింది.

ఆయన్ని ఊళ్లో అందరూ బగార కాక అనేవాళ్లు. ఆ పేరు ఎందుకు వచ్చిందో నాకు మొదటి ఫోనులోనే తెలిసింది. నేను పశువుల డాక్టరుగా కోరుట్ల పక్కన కొత్తగా చేరిన వారం అది. పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మర మగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. ఆ చప్పుడు మీద మాట వినిపించాలంటే అరవాలి కాబట్టి మా ఇంటిల్లిపాదికీ గొంతులు పెద్దవి. ఆవును దగ్గరగా చూసింది చదువుకోవడానికి పోయాకే. అలాంటి నాకు పొద్దున్నే ఒక ఫోను.

"మేడం, నా బగార ఖరాబైంది. జెర్ర అచ్చి సూడుండ్రి."

మా వైపు పెళ్లి విందయినా దావతయినా బగార అన్నం ఉండాల్సిందే. ఎవరో నాతో ఆటలాడుతున్నారనుకున్నాను.

"ఖరాబైతే పారబొయ్యిండ్రి," అన్నాను.

"పారబోసుడా! ఏం మాట్లాడ్తున్నరు మేడం? దూడప్పటి సంది సాదుకున్నం."

దూడ అన్న మాట వినేదాకా నాకు వెలగలేదు. సౌదీలో ఆవును బగరా అంటారట. పద్దెనిమిదేళ్లు అక్కడ ఎడారి నడుమ ఒక పెద్ద డెయిరీలో పాలు పిండి, తిరిగి ఊరికొచ్చాడు. ఆవు అనే తెలుగు మాట మాత్రం అక్కడే మర్చిపోయి వచ్చినట్టున్నాడు. ఆవును కదిలించాలంటే "యల్లా" అనేవాడు. కోరుట్ల పక్కన పుట్టి కోరుట్ల గడ్డి తిన్న ఆ ఆవు కూడా, ఇంకెవరు ఏ భాషలో అదిలించినా కదలక, "యల్లా" అంటే మాత్రం నడిచేది.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గళ్ల లుంగీ మోకాళ్ల పైకి కట్టి, కింద తెల్లటి రబ్బరు బూట్లు వేసేవాడు. సౌదీ డెయిరీ బూట్లవి. పెళ్లిళ్లకు కూడా అవే వేసుకొస్తాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నేను చూడలేదు కానీ నమ్ముతాను. కొట్టం గుమ్మం ముందు ఒక వెడల్పాటి తట్టలో ఎర్రమందు కలిపిన నీళ్లు పెట్టేవాడు. అందులో కాళ్లు ముంచి, పక్కనున్న బకెట్టులో సబ్బుతో చేతులు కడుక్కుంటే తప్ప ఎవరికీ లోపలికి ప్రవేశం లేదు.

"వీసా కొట్టించుకోండ్రి మేడం," అన్నాడు నాతో మొదటిరోజు.

"నేను డాక్టర్ను కాకా."

"డాక్టరైతే ఏంది? డాక్టర్ల చేతులకు మట్టంటదా? యాభై కొట్టాలు తిరిగి అచ్చిన చెయ్యి మీది."

కడుక్కున్నాను. లోపలికి అడుగు పెట్టి, ఏం కష్టమొచ్చింది ఆవుకు అని నా మామూలు గొంతుతో అడిగేసరికి ఆవు ఉలిక్కిపడి గాటికి అటు పక్కకు దూకింది. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"మెల్లగ, సాంచెల మేడం. బెదిరిన బగార పాలు ఎగవట్టుకుంటది."

పొదుగు పట్టి చూశాను. వాపు లేదు, వేడి లేదు, గట్టిదనం లేదు. పాలు కూడా తెల్లగా బాగానే ఉన్నాయి. ఏమీ లేదు కాకా, బాగానే ఉంది అన్నాను. అప్పుడు తీశాడు చూరులోంచి ఇడ్లీ పళ్లెం.

నాలుగు గుంటల పళ్లెం. ఒక్కో గుంట అడుగునా ఉండే సన్న బొక్కలకు మైనం పెట్టి మూశాడు. నాలుగు చన్నులకు నాలుగు గుంటలు. ముందుగా పాత గొడుగులోంచి కోసిన నల్లబట్ట మీద తొలి ధారలు పిండాడు. పాలలో తునకలు ఉంటే నలుపు మీద కనపడతాయి. ఏమీ కనపడలేదు. తర్వాత ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కొంచెం పాలు. అన్నే బట్టల సబ్బుపొడి నీళ్లు. పళ్లెం పట్టుకుని గుండ్రంగా, మెల్లగా తిప్పాడు. మూడు గుంటల్లో పాలు పాలలాగే తిరిగాయి. నాలుగో గుంటలో చిక్కబడి, జారుగా, గుంట నడుమకు ముద్దలా చేరాయి.

"సూసిండ్రా? నాలుగోది ఇడ్లీ వెట్టింది," అన్నాడు.

నేను చదువుకున్న చోట ఈ పరీక్షకు నాలుగు గిన్నెల ప్లాస్టిక్ పలక, సీసాలో మందు ఉండేవి. వాటిని ఆఫీసులోనే వదిలి వచ్చాను. ఇడ్లీ పళ్లెం ఆ పని చేస్తుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువ సంతోషమేసింది. గుమ్మంలోంచి ఆయన భార్య చూస్తోంది. ఆమెను నేను చిన్నమ్మా అనేదాన్ని. మనిషి పొట్టి, మాట పొడుగు.

"ఆర్నెల్ల సంది మా ఇంట్ల ఇడ్లీ లేదు బిడ్డా," అంది. "గా పళ్లెం మల్ల వంటింట్లకు అస్తె నేను ఇల్లిడిసి పోత."

జబ్బు సంగతి రెండు మాటల్లో చెబుతాను. పొదుగులోకి సూక్ష్మజీవులు చేరితే వాటితో కొట్లాడడానికి ఆవు ఒంట్లోని తెల్లకణాలు పాలలోకి దిగుతాయి. పాలలో ఒంటి కణాలు ఎన్నున్నాయో చెప్పే లెక్కనే మా వాళ్లు సోమాటిక్ సెల్ కౌంట్ అంటారు. ఆ లెక్క బాగా పెరిగిందంటే, ఆవు పైకి నిక్షేపంగా కనిపిస్తున్నా లోపల పొదుగు కుమిలిపోతున్నట్టే. సబ్బు తగిలితే ఆ కణాలు పగిలి పాలు జిగటగా ముద్ద కడతాయి. బగార కాక దీన్నంతా ఒక్క మాటకు కుదించాడు. పాలు ఇడ్లీ పెట్టొద్దు, అంతే.

ఆ ఆవు పేరు మిస్కాలు. ఆయన సౌదీలో ఉన్నన్నాళ్లూ చిన్నమ్మ ఇక్కడ నుంచి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది, ఆయన తిరిగి ఫోను చేసేవాడు. ఒకరోజు ఎంతకీ మిస్డ్ కాల్ రాలేదు. కంగారుపడి ఆయనే చేస్తే, ఆమె మోచేతుల దాకా తడిలో ఉంది. అప్పుడే ఆవు ఈనింది. ఆ దూడకు ఆ పేరు పెట్టారు. పెరిగి, మూడు ఈతలు ఈనేదాకా ఆయన దాన్ని కళ్లతో చూడలేదు. సెలవుకు వచ్చే వీలు దొరకలేదు. ఫోనులో బకెట్లో పాలధార పడే చప్పుడు మాత్రం వినేవాడు. చప్పుడును బట్టి బకెట్టు ఎంత నిండిందో చెప్పేవాణ్నని నా దగ్గర గొప్పలు పోయేవాడు. తిరిగొచ్చిన రోజు నుంచి పాలు పిండే పని తనే తీసుకున్నాడు. ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఊరి సంగతులన్నీ ఆయన చెవిలో పోసేది. ఆయన "ఊఁ" అనేవాడు. పిండడం అయ్యాక చన్నులను అయోడిన్‌లో ముంచి, ముందర పచ్చగడ్డి వేసి, అరగంట దాన్ని కూలబడనిచ్చేవాడు కాదు. "సన్ను దర్వాజ ఇంక తెరిసే ఉంటది. ఇప్పుడు పండితె పెంట లోపటికి పోతది," అనేవాడు.

నేను మందులు వేశాను. కొన్నాళ్లకు నాలుగో గుంటలో కూడా పాలు పాలలాగే తిరిగాయి. ఇద్దరం గెలిచామనుకున్నాం.

ఆ తర్వాత కొన్ని నెలలకు పాలు కొనే డెయిరీ నుంచి ఊరికి కబురొచ్చింది. మీ ఊరి పాలలో సెల్ కౌంట్ ఎక్కువగా ఉంది, తగ్గించుకోకపోతే మీ పాలు తీసుకోం అని. పాలకేంద్రం దగ్గర అందరినీ కూడేసి, నన్ను మాట్లాడమన్నారు. నేను నా సిరిసిల్ల గొంతుతో మొదలుపెట్టాను.

"మీ పాలల్ల సెల్లులు ఎక్కువున్నయి."

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది.

"ఎన్నున్నయి బిడ్డా?"

"లక్షలు!"

గుప్పుమని గోల. వెనకనుంచి ఒకాయన లేచాడు. "మా ఇంట్ల నాలుగే ఉన్నయి మేడం. అండ్ల ఒకటి పలిగింది."

"మా ఆయన దుబాయికెళ్లి రెండు తెచ్చిండు," అంది ఇంకొకామె. "గవి అల్మారల ఉంటయి గని పాలల్ల ఎట్ల వడ్తయి?"

ఊళ్లో సెల్లంటే ఒకటే. జేబులో మోగేది. నేను తల పట్టుకున్నాను. సుద్దముక్క తీసుకుని గోడ మీద గుండ్రంగా ఒక కణం బొమ్మ గీశాను. మధ్యలో చుక్క పెట్టాను. ఆ చుక్కను చూసి అది కెమెరానా అని ఎవరో అడిగారు. అప్పుడు వెనక నుంచి తెల్లబూట్లు లేచాయి.

"మేడం చెప్పేది నిజమే," అన్నాడు బగార కాక. "గా సెల్లులతోటే పాలు ఖరాబైతున్నయి. రేపటి సంది కొట్టంలకు సెల్లు వోవద్దు. దర్వాజకు మొల కొట్టి, సంచి తగిలియ్యిండ్రి. సెల్లు అండ్ల ఎయ్యాలె. రెండు చేతులు సబ్బువెట్టి కడుక్కోవాలె. సన్ను తుడిసి పిండాలె. నెలదినాలల్ల పాలల్ల సెల్లులు తగ్గకపోతె నన్నడుగుండ్రి."

నేను నోరు తెరిచాను. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు, కొట్టంలో పెట్టినట్టే. అంతటితో ఆగినా బాగుండేది. చప్పట్లు పడేసరికి ఆయనకు ఊపొచ్చింది.

"ఇంకొక్క మాట. ఇంటింటికి అచ్చి పళ్లెంల పాలు సూస్త. మందు వేసినంక గూడ ఇడ్లీ వెట్టేది ఊర్లె ఉండొద్దు. ఎవ్వలదైనా సరే."

అందరూ సరే అన్నారు. మీటింగు అయ్యాక నేను ఆయన మీద పడ్డాను. నేను చదివిన చదువునంతా ఫోను కింద మార్చేశారు, ఇది తప్పు కాకా, సైన్సు ఇట్లా చెప్పకూడదు అన్నాను. ఆయన తాపీగా విన్నాడు.

"మేడం, మీరు గీసిన చుక్క ఎవ్వలకన్న కనవడ్తదా? జేబులున్నది అందరికి కనవడ్తది. మొన్న సూసిన, ఒక పోరడు ఒక చేతిల సెల్లు, ఒక చేతిల సన్ను. గదే బొటనవేలితోటి బొమ్మలు జరుపుతున్నడు, గదే వేలితోటి పాలు పిండుతున్నడు. గా సెల్లు రాత్రి యాడ పండుకున్నదో, పొద్దుగాల యాడికి పోయిందో మీకు తెల్సా? పాలల్లకు సెల్లులు తెచ్చేది సెల్లే. నేను అబద్ధమేమన్న చెప్పిన్నా?"

నెల తిరిగేసరికి పాలలో లెక్క నిజంగానే దిగడం మొదలుపెట్టింది. కొట్టం కొట్టానికీ గుమ్మం పక్కన మొల, మొలకు సంచి, సంచిలో పాటలు పాడుకునే ఫోన్లు. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నామని, అందుకే తగ్గిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. "అంజన్న గూడ చేతులు కడుక్కొనే రమ్మంటడు," అనేవాడు ఆయన.

మాట ప్రకారం పళ్లెం పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. వెనక పది, పదిహేను మంది. ఒకింట్లో పాలు గుంటలో ముద్ద కట్టగానే ఆ ఇల్లాలు మురిసిపోయింది.

"సూడుండ్రి, మా బర్రె పాలు ఎంత చిక్కగున్నయో!"

"చిక్కదనం కాదు అక్కా," అన్నాడు ఆయన. "చీము."

ఆమె మొహం చూసి నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆమెను కూర్చోబెట్టి, వేడినీళ్లు కాయించి, పొదుగు ఎలా కడగాలో, ఆ బర్రెను అందరికన్నా ఆఖరుకు ఎందుకు పిండాలో ఓపికగా చూపించాడు.

చివరికి ఆయన ఇంటికి వచ్చాం. మూడు ఆవులున్నాయి. రెండు బాగానే ఉన్నాయి. మిస్కాలు దగ్గర కూర్చుని, నాలుగు గుంటల్లో పాలు పోసి, సబ్బునీళ్లు పోసి, తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోది ఇడ్లీ.

నేను దగ్గరగా నిలబడి ఉన్నాను. వెనకవాళ్లకు ఇంకా కనపడలేదు. పళ్లెం కొంచెం వంచితే చాలు, అంతా కింద పోతుంది. ఆయన చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత లేచి, పళ్లేన్ని అందరి ముందుకూ తిప్పి చూపించాడు.

"నా బగారనే," అన్నాడు.

మందు మార్చి చూశాం. ఇంకో విడత. మళ్లీ నాలుగో ఇడ్లీ. జబ్బు ముదిరి, ఆ భాగం లోపల గట్టిపడిపోయింది. పక్క ఆవులకు అంటించే ప్రమాదం ఉంది. అమ్మేయడమే మంచిది కాకా అని నేనే చెప్పాను. ఊరు అడగవలసిన పని లేదు, ఆయన మాట ఆయనకే గుర్తుంది. వచ్చే మీటింగులో ఆవును ఊరు దాటిస్తానని చెప్పడానికి సిద్ధపడ్డాడు. చిన్నమ్మ మాట్లాడ్డం మానేసింది. పీట గోడకు ఆనించి ఉంది. ఆయన పాలు పిండుతుంటే పక్కన ఎవరూ లేరు.

"నువ్వు లేనప్పుడు గీ కొట్టంల నాకున్నది గదొక్కటే," అంది ఒక్కసారి, నా ముందే. "అమ్ముకో. ఆవును అమ్ముకో. నన్ను గూడ తోలు."

ఆ రోజు నేను ఊరికే ఒక మాట అన్నాను. ఏ ఆవుకైనా జబ్బు ఏదో ఒక చన్నుకు రావచ్చు గానీ, ఎన్ని మందులు వేసినా ఆ నాలుగోదే, అవతలి వైపు వెనక చన్నే ఎందుకు చెడుతోందో అర్థం కావట్లేదు అని. ఆయన గోడ దగ్గరికి పోయి పీట తెచ్చి ఆవు పక్కన వేశాడు.

"ఏమే, జెర్ర కూసో," అన్నాడు భార్యతో. "నేను సౌదీల ఉన్నప్పుడు ఎట్ల పిండేదానివో గట్ల పిండు."

"ఎందుకు?"

"పిండరాదు జెర్ర. ఫోన్ గూడ వట్టుకో."

ఆమె నన్ను చూసింది. నేను తలాడించాను. సంచిలోంచి ఫోను తీసి, ఎడమ చేత్తో చెవికి ఆనించుకుని, కుడి చెయ్యి పొదుగు కిందికి చాపింది. ఇవతలి రెండు చన్నులూ బాగా అందాయి. అవతలి ముందరిది కాస్త వంగితే అందింది. అవతలి వెనకది వేలికొసలకు తగిలింది. రెండు ధారలు తీసి, ఇక అందక వదిలేసింది. పాలు లోపలే మిగిలాయి. మిగిలిన పాలు జబ్బుకు ఇల్లు.

సౌదీలో ఆయన పగటి షిఫ్టు దిగే వేళకు మన దగ్గర సాయంత్రం పాలు పిండే వేళయ్యేది. మూడు ఈతల కాలం, రోజూ, ఆ వేళకే ఫోను. వేల ఆవులకు చుక్క మిగలకుండా పిండే మనిషి, తన ఇంటి ఆవుకు ఒక చన్నును మాటలతో చెడగొట్టుకున్నాడు.

నేను ఏమీ అనకముందే ఆమెకు అర్థమయింది. ఫోను చెవి దగ్గరే ఉంది. "అయితె నేనే చెడగొట్టిన్నా?" అంది.

"నువ్వు కాదు," అన్నాడు. "ఫోన్ చేసినోన్ని నేను."

మీటింగు రోజు పాలకేంద్రం కిటకిటలాడింది. ఆయన ఆవును అమ్ముతాడా అని చూడ్డానికి ఆవులు లేనివాళ్లు కూడా వచ్చారు. బూట్లు తోముకుని వచ్చాడు. ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సెల్లుతోటి పాలు ఖరాబైతయని నేను చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్!" అన్నారు అందరూ.

"గిప్పుడు సాక్ష్యం నేనే. నా బగార ఖరాబైంది నా సెల్లుతోటే. నేను సౌదీకెళ్లి మాట్లాడుడు, మా ఇంటామె ఒక చేత్తోటి పిండుడు. నాలుగో సన్ను అందకపాయె. తప్పు నాది. మా ఇంటామెది కాదు, బగారది కాదు."

వెనకనుంచి ఎవడో అరిచాడు. "స్పీకర్ల వెట్టి మాట్లాడకపోయినవా కాకా? రెండు చేతులు ఖాళీగుంటుండె గద!"

"అన్ని మాటలు బగార ముంగట మాట్లాడేటియేనా రా?"

పాలకేంద్రం రేకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు నవ్వారు. చిన్నమ్మ కొంగు మొహాన కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆ నవ్వు ఆగకముందే ఆయన అసలు మాట జారవిడిచాడు.

"ఇగ నేను అన్న మాట. ఇడ్లీ వెట్టేది ఊర్లె ఉండొద్దన్న. బగార ఉండొద్దన్ననా? ఇడ్లీ వెట్టేది బగార కాదు, సన్ను. గా సన్ను ఎండగడ్త. ఒక్క అర్ర కురుస్తుందని ఇల్లమ్ముకుంటమా? సౌదీల గూడ గిట్లనే చేస్తరు. మూడు సన్నుల పాలు మేడం సూసి బాగున్నయంటేనే కేంద్రంల పోస్త. ఆఖర్కు పిండుత, వేరే కడ కట్టేస్త. ఏమంటరు మేడం?"

ఊరంతా నా వైపు తిరిగింది. అమ్మేయమన్నది నేను. నిజానికి ఈ దారి నాకు ముందే తోచి ఉండాల్సింది. తోచనందుకు కోపమొచ్చింది, తోచినవాడి మీద ప్రేమా వచ్చింది. "చెయ్యొచ్చు!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, బయట కట్టేసి ఉన్న బర్రె ఒకటి పలుపు తెంపుకుంది.

ఆ చన్ను నేనే ఎండగట్టాను. మిస్కాలు మూడు చన్నులతో ఇంకో ఈత ఈనింది. ప్రతి పక్షం నేను పోయి చూసేదాన్ని. పళ్లెంలో మూడు గుంటల్లోనే పాలు పోసేవాడు. నాలుగో గుంట ఖాళీ. అయినా తిప్పేటప్పుడు దాన్నే చూసేవాడు. తర్వాత నాకు బదిలీ అయింది. అప్పుడప్పుడు ఫోను చేసేవాడు, ఎప్పుడూ మధ్యాహ్నమే. పాలవేళ ఎన్నడూ చెయ్యలేదు.

జగిత్యాల నుంచి నేను ఆ ఇంటికి చేరేసరికి సాయంత్రమయింది. కొట్టం ముందు తట్టలో ఎర్రనీళ్లు ఉన్నాయి. కాళ్లు ముంచాను, చేతులు కడిగాను, ఫోను సంచిలో వేశాను. వీసా అడిగేవాళ్లు లేరు.

చిన్నమ్మ మిస్కాలు పక్కన కూర్చుని పాలు పిండుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. నన్ను పట్టుకుని ఏడ్చేది పాలయ్యాకే అని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తెచ్చిన పళ్లెం చూపించాను.

"గిదేంది బిడ్డా? మల్ల పరీచ్చనా?"

"లేదు చిన్నమ్మా. ఇది నీకే. ఇడ్లీలకు. బొక్కలున్నయి సూడు." చందుర్తికి ఇంకోటి కొనుక్కోవచ్చు.

ఆమె పళ్లేన్ని చూసి నవ్వింది. "ఇన్నేండ్లు కొట్లాడిన గాయ్నతోటి. గిప్పుడు ఎవ్వలకు పొయ్యాలె ఇడ్లీ?" అంది. మళ్లీ పొదుగు వైపు తిరిగింది. రెండు చేతులతో పిండుతోంది. అవతలి ముందరి చన్ను కూడా చుక్క మిగలకుండా. చాలా బాగా పిండుతున్నావు చిన్నమ్మా, ఆయన చూస్తే మెచ్చుకునేవాడు అన్నాను.

"చేతులు రెండు పనిల వడ్డయి బిడ్డా," అంది, తల తిప్పకుండా. "చెవులే ఊకెనే ఉన్నయి."

గోడకు ఆనించి రెండో పీట ఉంది, ఇదివరకు ఆమె కూర్చునేది. దాన్ని తెచ్చి ఆమె ఎడమ చెవి వైపు వేసుకున్నాను. జగిత్యాల సాబ్ నుంచి మొదలుపెట్టి, దారిలో చూసినవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ఆవు బెదరకుండా, మెల్లగా. ఆమె "ఊఁ" అంది.